మూడు పాయింట్ ఎనిమిదులు

మా ఉస్తాద్ కుడిచేతి బొటనవేలి గోరు పూర్తిగా ఎన్నడూ కత్తిరించుకోలేదు. తక్కిన తొమ్మిది గోళ్లూ ఆయిల్ పట్టి నల్లబడి, అరిగి ఉండేవి. ఆ ఒక్కటి మాత్రం అంచు గుండ్రంగా, శుభ్రంగా ఉండేది. లేత్ ఆపి, షాఫ్టును బనీను గుడ్డతో ఒకసారి తుడిచి, ఆ గోరును టూల్ గీతలకు అడ్డంగా మెల్లగా లాగేవాడు. లాగేటప్పుడు చెవి జాబ్ దగ్గరికి వంచేవాడు. 1979లో మంచిర్యాలలో ఆయన దగ్గర పనికి కుదిరిన కొత్తలో, పాపం ముసలాయనకు చూపు ఆనడం లేదేమో అనుకున్నాను. నెల పోయాక గానీ అర్థం కాలేదు, ఆయన చూడటం లేదు, వింటున్నాడని.

"ఇన్నవా?" అనేవాడు.

"ఏం ఇనాలె ఉస్తాద్?"

"గర్రుమంటె ఇంకో కట్టు పెట్టు. సుయ్యిమంటె దించు."

ఉపరితలం నునుపును కొలవడంలో నాకు దొరికిన మొదటి పాఠం ఇదే. మీటరు లేదు, అంకె లేదు. గర్రు, సుయ్యి, రెండే.

ఆయన పని నేర్చింది సికింద్రాబాద్ లాలాగూడలో. నిజాం రైల్వే కాలంలో 1893లో పెట్టిన వర్క్‌షాప్ అది. అక్కడ నేర్చినవాళ్లకు ఇంచులే లోకం. పెద్ద కొలత ఇంచు, దాంట్లో ఎనిమిదో వంతు సూత్, వెయ్యో వంతు థౌ. 1956 చట్టంతో దేశం మొత్తం మెట్రిక్‌కు మారినా, ఆయన నోట్లో థౌలు పోలేదు. "రెండు థౌలు దియ్యి" అంటే నేను మనసులో పాయింట్ సున్నా అయిదు మిల్లీమీటర్లని లెక్కేసుకుని డయల్ తిప్పేవాణ్ని. ఈ తర్జుమా బుర్రలో నడుస్తూనే నా ఉద్యోగం సగం గడిచింది. ఈ థౌల సంగతి గుర్తుంచుకోండి, కథంతా దాని మీదే తిరుగుతుంది.

అప్పట్లో డ్రాయింగుల మీద ఫినిష్‌కు త్రికోణాలు ఉండేవి. ఒకటుంటే గరుకుగా ఉన్నా పర్వాలేదు, రెండుంటే మామూలు టర్నింగ్, మూడుంటే గ్రైండింగ్, నాలుగుంటే అద్దంలా మెరవాలి. మూడు త్రికోణాలంటే ఎంత నునుపో ఎవరూ అడిగేవాళ్లు కాదు. అడగాల్సిన అవసరమూ ఉండేది కాదు. పంపు షాఫ్టు తెచ్చిన ఫిట్టర్ బెల్లంపల్లి నుంచో మందమర్రి నుంచో తానే వచ్చేవాడు. స్టూలు మీద కూర్చుని చాయ్ తాగుతూ, జాబ్ దిగేదాకా ఉండేవాడు. దిగాక తనూ ఒకసారి గోరు లాగేవాడు. ఇద్దరి గోళ్లూ ఒప్పుకుంటే బండి కదిలేది.

కొనేవాడు పక్కన కూర్చుని సరుకు చూసుకోవడం మా వైపు కొత్తేమీ కాదు. నిర్మల్ నుంచి గోదావరి దాటితే నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం ఉంది. లోకమంతా వూట్జ్ అని పిలిచిన మన ఉక్కు అక్కడి మూసల్లో కరిగింది. 1820ల మొదట్లో కన్నుమూసిన డాక్టర్ వాయిసీ అనే కంపెనీ కాలపు భూగర్భ శాస్త్రజ్ఞుడు ఆ పని చూసి రాసిన వ్యాసం 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. పర్షియా నుంచి వచ్చిన వర్తకుడు అక్కడే మకాం పెట్టి, దగ్గరుండి పని చేయించుకుంటున్న సంగతి అందులో ఉంది. అంత దూరం నుంచి వచ్చి కూర్చున్నాడంటే కారణం ఒకటే. సరుకు మంచిదని ఇస్ఫహాన్‌కు ఉత్తరంలో రాసి పంపడానికి ఆనాడు అంకె లేదు. కళ్లూ వేళ్లూ స్వయంగా రావాల్సిందే.

నిర్మల్ నకాషీలదీ వేలి విద్యే. పొనికి కర్ర బొమ్మ మీద చింతగింజల జిగురు, రంపపుపొట్టు కలిపిన ముద్ద పూసి, ఆరాక రుద్ది, మళ్లీ పూసి, వేలు జారేదాకా రంగు ముట్టుకోరు. ఏ వేలు, ఎంత జారాలి అంటే వాళ్లు నవ్వుతారు.

మా బాపుదీ అదే దారి. ఆయన కాగజ్‌నగర్ కాగితం మిల్లులో పనిచేశాడు. ఊరి అసలు పేరు కొత్తపేట. 1938లో పుట్టిన మిల్లు 1942లో కాగితం తీయడం మొదలెట్టాక ఊరికి కాగితం పేరొచ్చింది. బాపు మాత్రం చివరిదాకా కొత్తపేట అనే అన్నాడు. పెళ్లిపత్రిక చేతికిస్తే చదవడానికి ముందు రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపేవాడు. కాగితం నునుపంతా క్యాలెండర్ రోళ్లలో ఉంటుందని ఆయనే చెప్పాడు. ఉక్కు రోళ్ల మధ్య నొక్కుకుంటూ వచ్చేటప్పుడు రోలు మీద ఏముంటే కాగితం మీద అదే పడుతుంది. ఆ మాట ఇరవై ఏళ్ల తర్వాత నా నెత్తిన పడింది, అది ముందుకు చెబుతాను.

అన్నట్టు, కాగితం నునుపును ఉక్కుకు మల్లే సూది మీటరుతో కొలవరు, గాలితో కొలుస్తారు. కాగితం మీద లోహపు రింగు ఆనించి, సందుల్లోంచి నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల గాలి తప్పించుకుంటుందో చూస్తారు. గరుకు కాగితంలోంచి ఎక్కువ గాలి పోతుంది. ఇంత సులువైన ఉపాయం ఉక్కుకు ఎందుకు కుదరలేదా అని నాకు ఇప్పటికీ చిన్న కుళ్లు.

1983లో మా చుట్టుపక్కల లోకం మారింది. సింగరేణి గోదావరిఖనిలో లాంగ్‌వాల్ మొదలుపెట్టింది. అదే ఏడాది నవంబర్‌లో రామగుండంలో ఎన్టీపీసీ మొదటి 200 మెగావాట్ల యూనిట్ నడిచింది. లాంగ్‌వాల్ అంటే బొగ్గు గోడ పొడవునా హైడ్రాలిక్ కాళ్లు వరసగా నిలబడి పైకప్పును మోస్తాయి, గోడ తరుగుతున్నకొద్దీ ముందుకు అడుగేస్తాయి. ఆ కాలి లోపలి రాడ్డుకు క్రోమ్ పూత ఉంటుంది. రాడ్డు గరుకైతే సీలు కోసుకుపోయి ద్రవం కారుతుంది. మరీ అద్దంలా ఉంటే సీలు కింద తడి నిలవక ఎండి అరుగుతుంది. గర్రు కూడదు, అతి సుయ్యీ కూడదు. గోరుకు ఇక్కడ నోరు పడిపోయింది. ఇలాంటి రాడ్ల డ్రాయింగుల మీద త్రికోణాల బదులు అంకెలు వచ్చాయి. డ్రాయింగ్ గీసినవాడు ఏ దేశంలో ఉన్నాడో తెలియదు, స్టూలు మీద కూర్చుని చాయ్ తాగే ప్రశ్నే లేదు.

గోరుకూ మీటరుకూ మధ్య మాకు ఒక పెట్టె అడ్డుపడింది. అరచేతి పొడవు తోలుపెట్టె, లోపల నికెల్ పలకలు. టర్నింగ్, మిల్లింగ్, గ్రైండింగ్, లాపింగ్ ఒక్కోదానికి ఒక్కో వరస. పలకకో అంకె: 63, 32, 16, 8. పలక మీద గోరు లాగు, జాబ్ మీద లాగు, ఏది దేనికి దగ్గరగా ఉందో చెప్పు. ఉస్తాద్ ఆ పెట్టెను మొదట ఎగతాళి చేశాడు. వారం తర్వాత చూస్తే, మధ్యాహ్నం అందరూ బువ్వకు పోయాక ఒక్కడే కూర్చుని పలకల మీద గోరు లాగి వింటున్నాడు. 63కూ 32కూ తేడా కళ్లు మూసుకుని చెప్పేవాడు. 16 కింద తానూ చెప్పలేనని ఒప్పుకున్నాడు. ఆయన నోట ఆ మాట వినడం నాకదే మొదలు.

సూది మీటరును నేను మొదట చూసింది బాలానగర్‌లో ఒక టూల్‌రూంలో. రాడ్డు ముక్కను గోనెసంచిలో చుట్టి రైలెక్కి తీసుకుపోయాను. వజ్రపు మొన ఉన్న చిన్న సూది ముక్క మీద నాలుగైదు మిల్లీమీటర్లు పాకింది, అంతే. పక్కన కాగితం చుట్ట మీద గీత పడింది. నేను అద్దమనుకున్న రాడ్డు మీద కెరమెరి గుట్టలు లేచాయి. గుండె జారింది. అక్కడి ఆయన నవ్వి, నిలువున వేల రెట్లు పెంచి, అడ్డంగా వంద రెట్లే పెంచాం, అందుకే అంత నిటారుగా కనబడుతోందన్నాడు. ఆ తర్వాత ఒక మాట అడిగాడు. "కటాఫ్ ఎంత పెట్టమంటారు?"

అదేంటో నాకు తెలియదు. "మామూలుది పెట్టండి" అన్నాను. ఆయన పాయింట్ ఎనిమిది మీద పెట్టాడు. ఈ దేశంలో ఎన్ని లక్షల జాబ్‌లు ఆ "మామూలుది" మీద పాసయ్యాయో.

కటాఫ్ ఏమిటో నాకు అర్థమైంది ఆసిఫాబాద్ నుంచి కెరమెరి ఘాట్ ఎక్కే బస్సులో. గుంతలో చక్రం పడితే నడుం అదురుతుంది, అది కుదుపు. బస్సు మొత్తంగా గుట్ట ఎక్కుతోంది, అది ఎక్కుడు. రోడ్డు గరుకెంత అని అడిగితే కుదుపు లెక్కే చెప్పాలి, గుట్ట ఎత్తు కలపకూడదు. ఎంత పొడవు లోపలి ఎగుడుదిగుడును కుదుపనాలి, ఎంత దాటితే గుట్టనాలి? ఆ సరిహద్దు రాయే కటాఫ్. ఉక్కు మీద ఆ రాయి పాయింట్ ఎనిమిది మిల్లీమీటర్ల దగ్గర పాతారు. అంతకన్నా పొడవైన అలలను మీటరు గుట్ట కింద తీసేస్తుంది. అలాంటి అయిదు ముక్కలు వరసగా, మొత్తం నాలుగు మిల్లీమీటర్లు చూసి సగటు చెబుతుంది. ఆ సగటే ఆర్‌ఏ.

ఒకటి కాదు, సగం కాదు, పాయింట్ ఎనిమిదే ఎందుకు? దీని జాడ పట్టుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

1929లో జర్మనీలో గుస్టవ్ ష్మాల్ట్స్ సూది కదలికను వెలుగు కిరణంతో పెద్దది చేసి చూపించాడు. 1933లో అమెరికాలో మిచిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు అబ్బట్, ఫైర్‌స్టోన్ ఉపరితలాన్ని అంకెల్లో పెట్టే దారి రాశారు. 1936కల్లా వాళ్ల ప్రొఫైలోమీటర్ అమ్మకానికొచ్చింది. ఇంగ్లండ్‌లో లీస్టర్ పట్టణంలో కటకాలు చేసే టేలర్ హాబ్సన్ కంపెనీలో రిచర్డ్ రీజన్ టాలీసర్ఫ్ తయారుచేశాడు. 1941లో, యుద్ధం మధ్యలో అది బయటికొచ్చింది. ఆ మీటర్లలో గుట్టను తీసేసే పని కరెంటు సర్క్యూట్‌దే. సర్క్యూట్‌కు నాబ్ ఉంటుంది, నాబ్ మీద గీతలుంటాయి. గీతలు గీసినవాళ్లు అమెరికావాళ్లు, ఇంగ్లీషువాళ్లు. కాబట్టి ఇంచులు: పాయింట్ సున్నా సున్నా మూడు, పాయింట్ సున్నా ఒకటి, పాయింట్ సున్నా మూడు, పాయింట్ ఒకటి, పాయింట్ మూడు. నున్నటి టర్నింగ్, గ్రైండింగ్ గీతలు చాలావరకు మధ్యదాంట్లో ఇముడుతాయి. అదే మామూలుదైంది. పాయింట్ సున్నా మూడు ఇంచులంటే 0.762 మిల్లీమీటర్లు. మెట్రిక్‌లోకి మారినప్పుడు దాన్ని గుండ్రం చేసి 0.8 అన్నారు. పక్క గీతలు 0.08, 0.25, 2.5, 8 అయ్యాయి. మన దేశపు ప్రమాణం ఐఎస్ 3073 వచ్చిన 1967 నాటికి ఈ వరస అప్పటికే ఖాయమై ఉంది.

అంటే మన పాయింట్ ఎనిమిది మా ఉస్తాద్ థౌలే. ముప్పై థౌలు, పేరు మార్చుకుని వచ్చాయి.

ఇంకో తమాషా. వర్క్‌షాప్‌లో పాయింట్ ఎనిమిదులు మూడున్నాయి. కటాఫ్ 0.8 మిల్లీమీటర్లు. పలక మీది 32 మైక్రో ఇంచులు మెట్రిక్‌లో ఆర్‌ఏ 0.8 మైక్రాన్లు, కటాఫ్‌లో వెయ్యో వంతు. మూడోది టర్నింగ్ ఇన్‌సర్ట్ ముక్కు గుండ్రం, 0.8 మిల్లీమీటర్లు. అదీ ఇంచులో ముప్పై రెండో వంతే. కొత్త పోరగాళ్లు ఈ మూడింటినీ కలిపేసి చేసే గందరగోళం చూసి తీరాలి. మూడోది తెలిసినవాడికి మాత్రం లాభముంది. 0.8 ముక్కుతో, చుట్టుకు 0.2 ఫీడ్‌తో తిప్పితే ఆర్‌ఏ లెక్క ప్రకారం దాదాపు 1.6 వస్తుంది. ఫీడ్ సగం చేస్తే నాలుగో వంతుకు పడుతుంది. నిజం జాబ్ మీద టూల్ అరుగుదల, మిషను అదురు కలిసి అంకె కాస్త పైకే ఉంటుంది, కిందికి మాత్రం రాదు. మీటరు లెక్క కంటే బాగా తక్కువ చూపిస్తే సంబరపడకుండా సెట్టింగ్ చూడాలి.

ఫీడ్ 0.1 ఉంటే పాయింట్ ఎనిమిదిలో ఎనిమిది గీతలు పడతాయి, సగటు తీయడానికి సరిపోతాయి. ఫీడ్ మిల్లీమీటరు అయితే ఒక్క గీత కూడా పూర్తిగా పట్టదు. మీటరు ఆ గీతనే గుట్ట అనుకుని చాలావరకు మింగేస్తుంది. ఇప్పటి గాసియన్ ఫిల్టర్ కటాఫ్‌తో సరిసమానమైన అలను సగమే చూపిస్తుంది. మిల్లీమీటరు అలను మూడో వంతుకు కాస్త పైన చూపిస్తుంది. పాత సర్క్యూట్ ఫిల్టర్ అదే కటాఫ్ దగ్గర ముప్పావు వంతు చూపించేది. కాబట్టి ఒకే రాడ్డు, ఒకే పాయింట్ ఎనిమిది, పాత మీటరుకూ కొత్త మీటరుకూ తేడా వస్తే ఎవరూ అబద్ధమాడినట్టు కాదు.

ఇవన్నీ తెలిశాక కూడా దెబ్బతిన్నాను. అది తొంభైల చివర. అప్పటికి అరచేతిలో పట్టే మీటరు మా షాపులోకి వచ్చింది. ఒక రోలు గ్రైండింగ్‌కు వచ్చింది. ఎవరిదో చెప్పను, తప్పు మాది. ఆర్‌ఏ 0.4 లోపు ఉండాలి. రోలు పొడవునా అయిదు చోట్ల పెట్టి చూశాను. 0.28, 0.31, 0.30, అంతటా ముత్యాలే. సంతకం చేసి పంపించాను. పది రోజులకు రోలు తిరిగొచ్చింది, తీసిన సరుకు మీద లీలగా అడ్డపట్టీలు పడుతున్నాయని.

మళ్లీ మీటరు పెట్టాను, మళ్లీ 0.3. పార్టీ మనిషి నన్ను దొంగను చూసినట్టు చూశాడు. అప్పటికి ఉస్తాద్ రిటైరై ఇంట్లో ఉన్నాడు. కబురు చేస్తే రిక్షాలో వచ్చాడు. రోలు చుట్టూ ఒకసారి నడిచి, షాపులో లైట్లన్నీ ఆపమన్నాడు. చేతిలైటును రోలు పక్కన దాదాపు తాకించినట్టు ఏటవాలుగా పట్టుకుని, రోలును చేత్తో మెల్లగా తిప్పించాడు. వెలుగు నీడ, వెలుగు నీడ, చిలక చీర అంచులా పట్టీలు. ఒక్కోటి వేలెడు వెడల్పు. రోలు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నిలువునా సాగాయి.

"నీ సూది ఎటు నడిపినవ్?" అన్నాడు.

పొడవునా నడిపాను. పట్టీలూ పొడవునే ఉన్నాయి. వాటిని దాటలేదు, వాటి వెంట నడిచింది నా సూది. గ్రైండింగ్ వీల్ అదిరినప్పుడు అల రోలు చుట్టూ పడుతుంది. పట్టుకోవాలంటే చుట్టూ నడవాలి. చుట్టూ నడిపినా లాభం లేదని తర్వాత లెక్కేసుకున్నాను. అల పన్నెండు మిల్లీమీటర్లు, నా సూది మొత్తం నడకే అయిదు మిల్లీమీటర్ల లోపు. పైగా ఆ మీటరుకు స్కిడ్ ఉంది. స్కిడ్ అంటే సూది పక్కనే పాకే చిన్న గుండు, మీటరు దాని మీదే ఆనుకుంటుంది. పెద్ద అల వస్తే సూదీ గుండూ కలిసే ఎక్కుతాయి, కలిసే దిగుతాయి. వాటికి అల ఉన్నట్టే తెలియదు, పడవలో కూర్చుని నీళ్ల ఎత్తు అడిగినట్టు. దారి తప్పిన నడక, పొట్టి కటాఫ్, స్కిడ్. మూడు కళ్లూ మూసుకుని నేను ముత్యాలని రాశాను. వీల్ బ్యాలెన్స్ చేసి, బేరింగ్ మార్చి, రోలును మళ్లీ గ్రైండ్ చేసి ఊరికే ఇచ్చాం. రోలు మీద ఏముంటే కాగితం మీద అదే పడుతుందన్న బాపు మాట ఆ రాత్రి నిద్ర పోనివ్వలేదు.

ఇక తెలిసి చేసే పనులు కూడా ఉన్నాయి. జాబ్ 0.9 చూపిస్తే, "పాయింట్ రెండు అయిదు పెట్టు, పాసయితది" అనే మాట ఏ షాపులోనైనా నెలాఖరున వినబడుతుంది. కటాఫ్ తగ్గిస్తే అంకె మామూలుగా తగ్గుతుంది. రిపోర్టులో అంకె రాసి కటాఫ్ రాయకపోతే అడిగేవాడుండడు. 1996లో వచ్చిన ఐఎస్‌ఓ 4288 దీనికి పట్టిక పెట్టింది. ఆర్‌ఏ 0.02 నుంచి 0.1 దాకా అయితే కటాఫ్ 0.25, 0.1 నుంచి 2 దాకా 0.8, 2 నుంచి 10 దాకా 2.5. టర్నింగ్ లాంటి వరస గీతలకైతే ఆర్‌ఏ కాదు, గీతకూ గీతకూ మధ్య దూరం చూసి ఎంచుకోవాలి. చాలామంది మొదటి సగం చదివి రెండో సగం వదిలేశారు. దాంట్లోనే పదహారు శాతం వెసులుబాటు కూడా ఉండేది, ఆరు చోట్ల కొలిస్తే ఒకచోట హద్దు దాటినా ఒప్పుకోవచ్చు. 2021లో ఐఎస్‌ఓ 21920 వచ్చి పాతదాన్ని పక్కనపెట్టింది. ఇప్పుడు డ్రాయింగ్ మీది హద్దును చూసే సెట్టింగ్ ఎంచుకోవాలి. వేరేగా రాయకపోతే ఏ ఒక్క చోటా హద్దు దాటకూడదు. నాకిది నచ్చింది. ముందు కొలిచి, వచ్చిన అంకెను బట్టి కటాఫ్ ఎంచుకుని, మళ్లీ కొలిచే పాత పద్ధతి, పిల్లను చూశాక కట్నం లెక్కేసినట్టుండేది.

పోయిన వానాకాలం మా షాపులో కొత్తగా చేరిన ఆసిఫాబాద్ పిల్ల ఈ ప్రశ్నే వేసింది. "పాయింట్ ఎనిమిదే ఎందుకు సార్? ఒకటి పెడితే లెక్క సులువైతుండె గదా." బీరువాలోంచి పాత తోలుపెట్టె తీశాను. ఉస్తాద్ పోయాక వాళ్ల అబ్బాయి నాకిచ్చాడు. టర్నింగ్ వరసలో 32 పలక మీద మీటరు పెట్టమన్నాను. 0.81 వచ్చింది. కటాఫ్ 0.25కు మార్చమన్నాను. 0.70 వచ్చింది.

"ఏది నిజం సార్?"

నేను జవాబు చెప్పేలోపే ఆ పిల్ల మీటరు పక్కన పెట్టి, బొటనవేలి గోరు పలక మీద అడ్డంగా లాగింది. ఎవరూ చెప్పలేదు, తనంతట తానే. తర్వాత ఇన్‌స్పెక్షన్ రిజిస్టర్ తెరిచింది. ఉస్తాద్ కాలం నుంచి అందులో నాలుగే గళ్లు: తారీఖు, జాబ్, ఫినిష్, సంతకం. మొదటి పేజీల్లో ఫినిష్ గడిలో అంతటా ఉర్దూలో ఒకటే మాట, ఠీక్. ఆ పిల్ల స్కేలు పెట్టి ఫినిష్ గడిని నిలువుగా రెండు చేసింది. రెండోదాని నెత్తిన కటాఫ్ అని రాసి, కాసేపు ఆలోచించి, దాని కింద చిన్న అక్షరాలతో "సూది ఎటు నడిపిండ్రు" అని రాసింది.